చుక్క ముట్టని వారికీ కాలేయం జబ్బు
షుగరు ఉన్నవారు ఏడాదికోసారి చూపించుకోవాలి

నకరికల్లు: నరసరావుపేటలో స్కానింగు తీయించుకుని బస్సెక్కి ఊరు చేరే షుగరు రోగుల కాగితాల మీద ఇప్పుడు తరచుగా ఒక మాట కనిపిస్తున్నది. అది 'ఫ్యాటీ లివర్'. కాలేయానికి కొవ్వు పట్టిందని దాని అర్థం. కడుపునొప్పి అనో, మూత్రంలో మంట అనో స్కానింగుకు వెళ్లినవారికి అడగని సమాధానంగా ఈ మాట దొరుకుతున్నది.

కాగితం ఇంటికి చేరాక అసలు గొడవ మొదలవుతుంది. పల్లెల్లో లివరు జబ్బు అనగానే అందరికీ గుర్తుకొచ్చేది సారాయి, బ్రాందీ. "ఏందయ్యా, నాకు తెలవకుండా యాడన్నా తాగుతున్నావా?" అని భార్య నిలదీస్తుంది. "నీ మీద ఒట్టు, పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు" అని భర్త మొత్తుకుంటాడు. అదే కాగితం ఆడవారి పేరున వస్తే ఆమె దాన్ని బీరువాలో చీరల కింద దాచిపెడుతుంది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. ఆ సిగ్గు వల్లనే చాలామంది మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లరు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది.

భార్య అడిగిన ప్రశ్నకు వైద్యుల వద్ద స్పష్టమైన జవాబు ఉన్నది. తాగనివారికీ కాలేయం చెడుతుంది. అలా చెడేవారిలో చక్కెర వ్యాధి ఉన్నవారే ముందు వరుసలో ఉన్నారు. ప్రపంచంలో అనేక దేశాలలో జరిగిన పరిశీలనలను కలిపి చూస్తే, పెద్ద వయసులో వచ్చే షుగరు ఉన్నవారిలో సగానికి పైగా మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్లు తేలింది.

ఈ సంగతిని లోకం దృష్టికి తెచ్చినవారిలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు యూర్గెన్ లుడ్విగ్ ఒకరు. తాగుబోతుల కాలేయంలో కనిపించే మార్పులే తాగని 20 మంది రోగులలో కనిపించాయని ఆయన, ఆయన తోటివారు 1980లో ప్రకటించారు. వారిలో ఎక్కువమంది లావుగా ఉన్నవారు. చాలామందికి షుగరు కూడా ఉన్నది. అప్పటి నుంచి దానిని 'మద్యంతో సంబంధం లేని కాలేయ వ్యాధి' అంటూ వచ్చారు. 2023లో ప్రపంచ కాలేయ వైద్య సంఘాలు ఆ పేరు మార్చాయి. తిన్న తిండిని ఒళ్లు వాడుకునే తీరు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు అనే అర్థం వచ్చేలా కొత్త పేరు పెట్టాయి. పేరులోంచి మద్యం మాట పోయింది. ఊళ్లో అనుమానం పోవడానికి మాత్రం ఇంకా సమయం పట్టేట్టున్నది.

షుగరుకూ కాలేయానికీ లంకె

కుడివైపు డొక్క ఎముకల చాటున ఒకటిన్నర కిలో బరువుతో ఉండే అవయవం కాలేయం. ఇంటికి గాదె ఎలాంటిదో ఒంటికి కాలేయం అలాంటిది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. అప్పటి అవసరానికి మించినదానిని కాలేయం దాచిపెట్టుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు, పస్తు ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. ఎప్పుడు దాచాలో, ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది ఇన్సులిన్.

షుగరు వ్యాధిలో ఇన్సులిన్ మాట చెల్లదు. ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. అవసరానికి మించి తిన్న అన్నాన్ని, తీపిని కూడా కాలేయం కొవ్వుగా మార్చుకుంటుంది. గాదె నిండినా ధాన్యం వచ్చి పడుతూనే ఉంటుంది. కాలేయంలో కొవ్వు నూటికి 5 వంతులు మించితే దానిని ఫ్యాటీ లివర్ అంటారు.

కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట ఇంకా తక్కువగా వింటుంది. వద్దన్నా రాత్రంతా చక్కెరను వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, పొద్దున పరగడుపున షుగరు ఇంత ఎందుకున్నది డాక్టరుగారూ?" అని అడిగే వారు అనేకమంది. అందుకు ఒక కారణం ఈ కాలేయమే. షుగరు కాలేయాన్ని చెడగొడుతుంది. చెడిన కాలేయం షుగరును పెంచుతుంది.

కొవ్వు పట్టినంతలోనే కొంప మునగదు. చాలామందిలో అది అక్కడితో ఆగుతుంది. కొందరిలో మాత్రం కాలేయం లోపల వాపు మొదలవుతుంది. వాపు మానిన చోటల్లా గాయపు మచ్చలాగా గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే కాలేయం గడ్డకట్టి, కుంచించుకుపోతుంది. దాన్నే సిరోసిస్ అంటారు. అక్కడి నుంచి క్యాన్సరుకు దారి ఉన్నది. షుగరు లేనివారి కంటే ఉన్నవారిలో ఈ నడక వేగంగా సాగుతుంది. కష్టమేమిటంటే సిరోసిస్ ముదిరే దాకా నొప్పి ఉండదు, కామెర్లు కనిపించవు, ఆకలి తగ్గదు. మహా అయితే కొంచెం నీరసం. దాన్ని ఎండకో, పనికో ముడిపెట్టి ఊరుకుంటారు.

జొన్నల సీమలో వరి అన్నం

ఇది పట్నపు జబ్బు కదా, పల్నాటికి ఎలా వచ్చిందని పెద్దలు అడుగుతారు. శ్రీనాథ మహాకవి పేరున చెప్పుకునే ఒక చాటు పద్యంలో, పల్నాటి సీమ ప్రజలకు జొన్న తిండి తప్ప సన్నన్నం లేనే లేదన్న ఎత్తిపొడుపు ఉన్నది. ఆ ఎత్తిపొడుపు వందల ఏళ్లు నిజంగానే నిలిచింది. జొన్న సంకటి, సజ్జ రొట్టె, మజ్జిగ, పచ్చిమిరపకాయ నంజుడు. వరి అన్నం పండుగనాడు, పెళ్లినాడు.

1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ నీటితో పల్నాట మెట్ట చేలు మాగాణులయ్యాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇవ్వడంతో కూలి ఇంట కూడా మూడు పూటలా అన్నం ఉడికింది. ఆకలి పోయింది. అది చిన్న సంగతి కాదు, ఎవరూ దానిని తప్పు పట్టరాదు.

అయితే అదే కాలంలో ఒంటి కష్టం తగ్గింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కొడవలి పోయి కోత మిషను వచ్చింది. పొలానికి నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. మిరప కోతలకు, పత్తి తీతలకు ఇప్పటికీ ఆడ కూలీలు నడుం వంచుతున్నారు. ఆసాముల్లో మాత్రం చాలామంది గట్టు మీద నిలబడి పని చూసుకుంటున్నారు. కంచంలో అన్నం మాత్రం నాగలి దున్నిన నాటి కొలతలోనే ఉన్నది. దానికి తోడు సెంటరులో పూటకు రెండు టీలు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, ఎండాకాలం కూల్‌డ్రింకులు.

పల్నాటి నుంచి హైదరాబాదు వెళ్లి కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న పిల్లల సంగతి మరీ విచారకరం. అక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి వారు పరీక్షించి 2025లో ఫలితాలు వెల్లడించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. కుర్చీలో గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, వేళాపాళా లేని తిండి ఇందుకు కారణాలని వారు చెప్పారు.

సన్నగా ఉన్నంత మాత్రాన

"ఆ బొజ్జలవాళ్లకు రావాలి గాని ఎండుకట్టెలాగా ఉన్న నాకెందుకొస్తుంది?" అన్న ధీమా కూడా పనికిరాదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా పల్లెలలో 1,911 మందిని పరీక్షించగా నూటికి సుమారు 9 మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్లు 2010లో ప్రకటించారు. వారంతా మన వంటి పల్లె జనమే. కొవ్వు ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది పాశ్చాత్యుల లెక్క ప్రకారం లావు కాదు. సగానికి పైగా మందికి బొజ్జ కూడా లేదు.

మన దేశస్థుల ఒంటి తీరే అలాంటిదని వైద్యులు చెబుతున్నారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా పొట్ట లోపల పేగుల చుట్టూ కొవ్వు చేరుతుంది. అందుకే బరువు కంటే నడుము కొలత ముఖ్యం. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. 30 ఏళ్లు దాటినవారి వివరాలు రాసుకునేందుకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నడుము కొలత అడిగేది ఇందుకే. నవ్వి పంపించివేయకుండా టేపు పట్టించుకోవాలి.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో తేల్చింది. అంతకు ముందే, 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం షుగరు, గుండెజబ్బు, క్యాన్సరు నివారణ పథకంలో ఫ్యాటీ లివరును కూడా చేర్చింది. దీనిపై సవరించిన మార్గదర్శకాలను 2024 సెప్టెంబరులో విడుదల చేసింది. అంటే షుగరు పరీక్షకు వెళ్లినచోటనే కాలేయం గురించి అడిగే హక్కు రోగికి ఉన్నది.

నాలుగు అంకెలతో లెక్క

స్కానింగులో కొవ్వు ఉన్నదని తెలుస్తుంది. కాలేయం గట్టిపడుతున్నదీ లేనిదీ మామూలు స్కానింగులో తొలిదశలో తెలియదు. కొవ్వు తక్కువగా ఉంటే స్కానింగు దాన్ని కూడా పట్టుకోలేకపోవచ్చు. అలాగే లివరు రక్తపరీక్ష 'నార్మల్' అని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. జబ్బు ముదురుతున్నవారిలోనూ ఆ అంకెలు హద్దులోనే ఉండవచ్చు.

ఇందుకు డాక్టర్లు ఒక తేలిక లెక్క వాడుతున్నారు. దాని పేరు ఫిబ్-4. కావలసినవి నాలుగే అంకెలు: రోగి వయసు, రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. వచ్చినదానిని ప్లేట్‌లెట్లతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. అంటే 2 లక్షలు ఉంటే 200.

ఉదాహరణకు 50 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 25, ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉన్నాయనుకుందాం. పరీక్ష కాగితంలో అన్నీ హద్దులోనే ఉన్నట్లు కనిపిస్తాయి. 50ని 40తో గుణిస్తే 2,000. 25 వర్గమూలం 5. దానిని 200తో గుణిస్తే 1,000. రెండు వేలను వెయ్యితో భాగిస్తే 2 వచ్చింది.

లెక్క 1.3 లోపు ఉంటే కాలేయం గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువ. షుగరు ఉన్నవారు ఏడాది, రెండేళ్లకొకసారి మళ్లీ చూసుకోవాలి. 1.3 దాటితే ఫైబ్రోస్కాన్ అనే పరీక్ష చేయించాలి. కాలేయం ఎంత గట్టిపడిందో నొప్పి లేకుండా, కోత లేకుండా అది చెబుతుంది. 2.67 దాటితే ఆలస్యం లేకుండా కాలేయ వైద్యుని చూడాలి. 65 ఏళ్లు దాటినవారికి మొదటి హద్దును 2గా తీసుకుంటారు. 35 లోపు వారికి ఈ లెక్క అంతగా పనికిరాదు. పై ఉదాహరణలోని వ్యక్తికి 2 వచ్చింది. అంటే అన్నీ బాగున్నాయని కాగితం చెప్పినా అతనికి ఇంకొక పరీక్ష అవసరం ఉన్నది.

ప్లేట్‌లెట్లకూ కాలేయానికీ సంబంధమేమిటన్న సందేహం రావచ్చు. కాలేయం గట్టిపడితే దానిలోకి రక్తం సాఫీగా పోదు. వెనుకకు తన్ని ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుతుంది. అందువల్ల రక్తంలో అవి తగ్గుతాయి.

తిరిగి బాగుపడే అవయవం

ఇంత చెప్పుకున్నాక ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. గడ్డకట్టిపోక ముందు కాలేయం తిరిగి కోలుకోగలదు. క్యూబా దేశంలో 293 మంది రోగులకు ఏడాది పాటు తిండి తగ్గించి, నడిపించి, ముందూ వెనుకా కాలేయం ముక్క తీసి పరీక్షించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. బరువులో పదోవంతు తగ్గినవారిలో నూటికి 90 మందికి కాలేయం వాపు పోయింది. సగానికి కొంచెం తక్కువ మందిలో గట్టిపడిన భాగం కూడా మెత్తబడింది. అయితే అంత బరువు తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరే. కాబట్టి పని తేలిక కాదు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 8 కిలోలు తగ్గితే వాపు పోయే అవకాశం ఎక్కువ. సన్నగా ఉన్నవారికి రెండు మూడు కిలోలు తగ్గినా మేలే.

"అన్నం మాని జొన్నలు తింటే సరిపోతుందా?" అన్నది పల్నాట ఎక్కువగా వినిపించే ప్రశ్న. జొన్నలు మంచివే, కాని కుండెడు జొన్న సంకటి తింటే కుండెడు అన్నం తిన్నట్లే. దేశంలో వేలాదిమంది తిండిని పరిశీలించి 2025లో వైద్య పరిశోధన మండలి వారు చెప్పిన మాట కూడా ఇదే. బియ్యం స్థానంలో గోధుమలో, చిరుధాన్యాలో పెట్టి అంతే మోతాదు తింటే షుగరు ముప్పు తగ్గలేదు. ఆ మోతాదులో కొంత తగ్గించి పప్పు, పాలు, పెరుగు, గుడ్డు వంటివి పెంచితేనే తగ్గే అవకాశం కనిపించింది.

ఇందుకు కొత్త సరుకులేవీ కొనవలసిన పని లేదు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో, అలసందలో, ఉలవలో, గుడ్డో, చేపో. మిగిలిన పావు వంతు అన్నమో, సంకటో. గోంగూర పచ్చడి అన్నం ముద్దలను పెంచుతుంది కనుక దాన్ని పప్పులో వేసుకోవడం మేలు. టీలో చక్కెర మానాలి. కూల్‌డ్రింకులు, పండ్లరసాలు పూర్తిగా వదలాలి. వాటిలోని తీపి నేరుగా కాలేయానికే చేరుతుంది. పండు కొరికి తినవచ్చు, రసం తీసి తాగరాదు. రాత్రి భోజనం పెందలాడే ముగించాలి. రోజుకు అరగంటకు తగ్గకుండా, ఊపిరి కొంచెం ఎగిసేట్లు నడవాలి. పొలం దాకా బండి మీద పోయేవారు సగం దూరంలో బండి దిగినా ఆ నడక వచ్చేస్తుంది.

మందుల విషయంలో తొందరపాటు వద్దు. షుగరు బిళ్లలు, ఇన్సులిన్ కాలేయం పేరు చెప్పి సొంతంగా మానరాదు. షుగరు మందులలోనే కొన్ని కాలేయానికి కూడా ఉపయోగపడతాయి. ఎవరికి ఏది సరిపడుతుందో గుండె, మూత్రపిండాల స్థితి చూసి డాక్టరే నిర్ణయించాలి. కాలేయం గట్టిపడినవారి కోసం అమెరికాలో 2024, 2025 సంవత్సరాలలో రెండు మందులకు అనుమతి లభించింది. అవి వాడేవారికి కూడా తిండి, నడక తప్పవు.

చేయరాని పనులు

లివరు శుభ్రం చేస్తామంటూ ఇచ్చే పసర్లు, పొడులు, పేరు తెలియని సీసా మందులు తాగరాదు. అసలే అలసిన కాలేయానికి అవి విషమైన సందర్భాలు ఉన్నాయి. నొప్పుల బిళ్లలు దుకాణంలో అడిగి తెచ్చుకుని రోజూ మింగరాదు. షుగరు ఉండి మద్యం అలవాటున్నవారి కాలేయానికి రెండు వైపులా దెబ్బ. వారు పూర్తిగా మానడమే మార్గం. డాక్టరు రాసిన కొలెస్టరాల్ బిళ్లను లివరుకు చెడుపని భయపడి ఆపరాదు. ఫ్యాటీ లివరు ఉన్నవారి ప్రాణం తీసేవాటిలో గుండెపోటు ముందున్నది. ఆ బిళ్ల గుండెను కాపాడేది.

పొట్ట ఉబ్బి నీరు చేరడం, కాళ్ల వాపు, కళ్లు పచ్చబడడం, రక్తం కక్కుకోవడం, తారు వంటి నల్లని విరేచనం, పగలు మత్తుగా పడి ఉండి మాట తడబడడం కనిపిస్తే ఇంట్లో ఉంచరాదు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. అవి జబ్బు ముదిరిన గుర్తులు.

అంతదాకా రాకుండా చూసుకోవడం చేతిలో పనే. షుగరు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు చక్కెర అంకె ఒక్కటే చూసుకుని తిరిగి రావద్దు. "డాక్టరుగారూ, నా లివరు సంగతి కూడా లెక్క కట్టి చెప్పండి" అని అడగాలి. బీరువాలో చీరల కింద దాచిన కాగితం ఉంటే దానిని బయటికి తీసి వెంట తీసుకువెళ్లాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.